బండి కార్బురేటర్‌లో గాలి, పెట్రోలు పాళ్లు తప్పితే ఎలా సరిచేయాలి?

బండి ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజను నడుస్తున్నప్పుడు, ఒకసారి రేసవుతూ, మరోసారి దానంతటదే ఆగిపోతూ ఉంటే చాలామంది మొదట కార్బురేటర్ మీద గాలి, పెట్రోలు పాళ్లను మార్చే మిక్చర్ స్క్రూ తిప్పుతారు. కోనసీమలోనైనా, పాలకొల్లు, భీమవరం వైపైనా దాన్ని చివరిగా ముట్టుకోవడం మంచిది, ఎందుకంటే ఇక్కడి తేమ, దుమ్ము తెచ్చిపెట్టే లోపాన్ని స్క్రూ కొన్నాళ్లు కప్పిపుచ్చుతుందే తప్ప తీర్చదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు అమలైన తరువాత వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటర్‌కు బదులు ఫ్యూయల్ ఇంజెక్షనే ఉంది కనుక ఈ పద్ధతి వాటికి వర్తించదు.

ముందుగా లోపం ఎటువైపో తేల్చుకోవాలి. బండిని పావుగంట నడిపి, ఐడ్లింగ్‌లో వదలకుండా వెంటనే ఆపి, ఇంజను చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పి చూడాలి. మొనలోని పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే పాళ్లు సరిగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. నూనెతో తడిసి నల్లబడితే అది పిస్టన్ రింగుల సమస్యో, వాల్వ్ సీళ్ల సమస్యో కావచ్చు, కార్బురేటర్‌ది కాదు.

వానాకాలంలో మొదట అనుమానించవలసింది నీటిని. నిప్పుకు దూరంగా, ఆరుబయట, పెట్రోల్ కాక్ మూసి, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులుచేసి, వచ్చిన పెట్రోలును గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచాలి. నీరు బరువైనది కనుక అడుగున వేరే పొరగానో, గుండ్రటి బొట్లుగానో కనిపిస్తుంది. నేటి పెట్రోలులో కలిసే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఆ రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. అప్పుడు బౌల్ ఒక్కటే ఖాళీ చేస్తే చాలదు, ట్యాంకునూ పూర్తిగా వంచి కడగాలి. బౌల్ లోపల తెల్లటి పొడి కనిపిస్తే తేమ లోహాన్ని తినేసిందన్నమాట. ఆ పొడే పెట్రోలును కొలిచి వదిలే జెట్ల సన్నని రంధ్రాల్లో ఇరుక్కుంటుంది.

తరువాత ఎయిర్ ఫిల్టర్. వరి నూర్పిళ్ల రోజుల్లో గాని, కొబ్బరి పీచు యూనిట్ల పక్కన గాని తిరిగే బండికి ఇది త్వరగా పూడుకుపోయి, గాలి అందక మసి పడుతుంది. ప్లగ్ తెల్లగా ఉంటే మాత్రం కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు జాయింటు చూడాలి: ఇంజను నడుస్తుండగా అక్కడ కాస్త నీళ్లు చిమ్మినప్పుడు శబ్దం మారితే ఆ సందులోంచి గాలి లాగుతున్నట్టే.

ఇవన్నీ బాగుంటే జెట్లను విప్పి, కార్బ్ క్లీనర్‌తోనూ గాలితోనూ శుభ్రం చేయాలి. తీగ దూర్చితే రంధ్రం పెద్దదై పాళ్లు శాశ్వతంగా చెడతాయి. ఐడ్లింగ్‌లో ఇబ్బంది ఉంటే పైలట్ జెట్‌ను, సగం యాక్సిలరేటర్ దగ్గర ఉంటే నీడిల్‌ను, పూర్తిగా తిప్పినప్పుడే ఉంటే మెయిన్ జెట్‌ను చూడాలి.

ఇక స్క్రూ. ఇంజను బాగా వేడెక్కాక, స్క్రూ పూర్తి బిగింపు నుంచి ఎన్ని చుట్లు వదులుగా ఉందో రాసుకుని, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఐడ్లింగ్ అన్నిటికన్నా వేగంగా, నిలకడగా ఉన్న చోట ఆపి, ఆపై ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించుకోవాలి. మిక్చర్ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే బిగించేకొద్దీ పెట్రోలు వాటా పెరుగుతుంది, ఇంజను వైపు ఉంటే తగ్గుతుంది. రెండు వైపులా తిప్పినా ఇంజను శబ్దంలో మార్పే లేకపోతే పైలట్ జెట్ ఇంకా మూసుకునే ఉందని గ్రహించి, మళ్లీ విప్పవలసిందే.