ఒకే రోజు రెండు పనులు పడితే

బాపును హన్మకొండలో డాక్టర్‌కు చూపించాల్సిన రోజే పిల్లల స్కూల్లో మీటింగ్ పడుతుంది. ఈ టెన్షన్ తగ్గాలంటే ఆదివారం రాత్రి తిన్నాక గోడ క్యాలెండర్ దించి పది నిమిషాలు కూర్చోండి. ఇంటి పనులు నీలం పెన్నుతో, ఆఫీసువి ఎరుపుతో, పెద్దవాళ్ల టెస్టులు ఆకుపచ్చతో ఆ వారం గళ్లలో రాయండి. ఒకే గడిలో రెండు రంగులు కనిపిస్తే, ఇంకొకరు చేయగల పని ఏదో చూసి అప్పుడే ఫోన్ చేయాలి. "తమ్ముడూ, బుధవారం తొమ్మిదింటికి బాపును నువ్వు తీసుకుపో, పాత రిపోర్టులు టీవీ కింద సంచిలో ఉన్నయి" అని టైముతో సహా చెప్పాలి. ఊరికే "కాస్త చూసుకో" అంటే పని కాదు.

పత్తి అమ్మకాలప్పుడు మాత్రం ఇది నడవదు. ఎనుమాముల మార్కెట్‌కు పోయినోళ్లకు కాంటా ఎప్పుడవుతుందో తెలియదు. ఆ రోజుల్లో వాళ్ల మీద ఆసుపత్రి పని పెట్టకండి.