కాలేజీ లెక్కలు చదవడం: 3వ పాఠం. జీతం ఖాయం చేసిందెవరు?

పోయిన పాఠంలో ఆదాయ వ్యయాల పట్టికలో ఏది ఎక్కడుంటుందో చూశాం, ఇక అసలు సంగతికొద్దాం. మన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు టీ కొట్టు దగ్గర ఏ కాలేజీ మాట వచ్చినా ముందు అడిగేది "ఛైర్మన్ ఎంత తీసుకుంటున్నాడు?" అనే. అడగొచ్చు, తప్పులేదు. కానీ అక్కడే ఆగిపోతే మీకేమీ దొరకదు.

ప్రభుత్వ యూనివర్సిటీల సంగతి తేలిక. యూనివర్సిటీలను చూసుకునే కేంద్ర సంస్థ యూజీసీ 2018 నిబంధనల్లో వైస్ ఛాన్సలర్ జీతం నెలకు 2,10,000, పైన 11,250 ప్రత్యేక అలవెన్సు అని రాసే ఉంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం అధికారుల, ఉద్యోగుల నెల జీతాలు మనం అడక్కుండానే బయట పెట్టాలి.

చిక్కంతా ట్రస్టులు, సొసైటీలు నడిపే కాలేజీలతోనే. ఒక కల్పిత పట్టిక తీసుకుందాం. ఛైర్మన్ జీతం: సున్నా. సేవ చేస్తున్నారని వార్షికోత్సవంలో శాలువా కూడా కప్పారు. కిందికి రండి. బిల్డింగ్ అద్దె 36,00,000, ఆ బిల్డింగ్ ఆయన భార్య పేరు మీదుంది. బస్సుల కిరాయి 22,00,000, ఏజెన్సీ బావమరిదిది. లెక్చరర్‌కి నెలకు 18,000 ఇచ్చే చోట "డైరెక్టర్, అకడమిక్స్" అనే కొత్త పోస్టుకి 1,50,000, ఆ సీట్లో కూతురు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే కదా.

ఇందులో ఏదీ దానంతటదే నేరం కాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, లేకపోతే ఊరికే మనుషుల మీద బురద జల్లినవాళ్ళవుతారు. ఆదాయపు పన్ను చట్టం ఏమంటుందంటే, స్థాపకులు, ట్రస్టీలు, వాళ్ళ బంధువులు, వాళ్ళకి 20 శాతం వాటా ఉన్న వ్యాపారాలు, వీళ్ళకి ట్రస్టు డబ్బు ఇవ్వొచ్చు, కాకపోతే చేసిన పనికి తగినంతే. అంతకు మించితే పన్ను మినహాయింపుకే ఎసరు. మరి 36 లక్షలు ఎక్కువా తక్కువా? అదే వీధిలో అంతే పెద్ద బిల్డింగ్ అద్దెతో పోల్చకుండా నేనూ చెప్పలేను, మీరూ చెప్పలేరు.

అందుకే అంకె కంటే ముందు తీర్మానం చూడాలి. ఆ అద్దె ఒప్పుకున్న మీటింగులో ఛైర్మన్ కూర్చున్నాడా, లేచి బయటికెళ్ళాడా? వేరే కొటేషన్లు తెప్పించారా? ఆ సంగతి మినిట్స్‌లో, అంటే మీటింగు రాతపుస్తకంలో, అప్పుడే రాశారా, ఆడిట్ వచ్చాక రాశారా? అమెరికా పన్ను నిబంధనలు కూడా దాదాపు ఇవే మూడు అడుగుతాయి. అక్కడ అడెల్ఫై యూనివర్సిటీలో 1997లో న్యూయార్క్ రాష్ట్రంలో చదువుల మీద అజమాయిషీ ఉన్న రీజెంట్స్ బోర్డు 19 మంది ట్రస్టీల్లో 18 మందిని తీసేసింది. ప్రెసిడెంట్ భారీ జీతం ఒక కారణమైతే, ఒక ట్రస్టీ కంపెనీకే యూనివర్సిటీ ఇన్సూరెన్స్ వ్యాపారం దక్కడం ఇంకోటి. ఇంగ్లండులో బాత్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ 4,68,000 పౌండ్ల జీతం మీద 2017లో అంత గొడవ జరిగిందంటే, జీతాలు ఖాయం చేసే కమిటీలో ఆమె కూడా సభ్యురాలు కావడం చిన్న విషయమేం కాదు. నన్నడిగితే పెద్ద జీతం కన్నా అదే పెద్ద తప్పు.

ఇక ఈ వారం అభ్యాసం. మీ పిల్లలు చదివే ఇంజనీరింగ్ కాలేజీ వెబ్‌సైట్లో "మాండేటరీ డిస్‌క్లోజర్" (ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ తప్పనిసరిగా పెట్టమనే వివరాలు) తెరిచి పాలకమండలి పేర్లు రాసుకోండి. అది సొసైటీ అయితే 1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏటా ఆ జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి, ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, కాబట్టి రెండూ సరిపోల్చండి. పక్కన ఇంకో గడి గీసి బిల్డింగ్, బస్సులు, హాస్టల్ మెస్, యూనిఫాం ఎవరివో తెలిసినంత వరకు రాయండి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం అనుకోవద్దు, మన వైపు ఒకే ఇంటిపేరు ఊరికి పది గడపల్లో ఉంటుంది. ఖాయంగా తెలిస్తేనే గీత కలపండి, లేకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.