బడి ఈడు పిల్లల్ని గమనించడం – నాలుగో పాఠం: పద్దెనిమిదిన్నర గొడవ, ఆ తర్వాత మజ్జిగ గ్లాసులు

ఈ పాఠంలో పిల్లల ఆలోచన గురించి మొదలుపెడదామని పోయినసారి మాటిచ్చాను. మజ్జిగ, రెండు రకాల గ్లాసులు సిద్ధంగా పెట్టుకోమన్నాను కూడా. కానీ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే అంకె) లెక్క నేర్పిన మూడో పాఠం చదివి మీరు రాసినవి చూశాక, ముందు ఆ గొడవ తేల్చక తప్పేట్టు లేదు. దాదాపు అందరిదీ ఒకటే మాట: "మేడమ్, మా వాడి బీఎంఐ 15.5 వచ్చింది. 18.5 కంటే తక్కువైతే బలహీనం అంటారు కదా. ఏ పౌడర్ పట్టమంటారు?"

తప్పు నాదే. లెక్క కట్టడం నేర్పి, వచ్చిన అంకెని ఏ పట్టికలో చూసుకోవాలో తర్వాత చెబుతానని వదిలేశాను. మీరు ఆగుతారా? ఫోన్లో వెతికారు. అక్కడ దొరికిన 18.5 పెద్దవాళ్లది.

ఎనిమిదేళ్లు నిండిన మగపిల్లాడిని తీసుకుందాం. ఎత్తు 127 సెంటీమీటర్లు, బరువు 25 కిలోలు. ఎత్తు మీటర్లలో 1.27. దాన్ని దానితోనే గుణిస్తే 1.61. పాతికని 1.61తో భాగిస్తే 15.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం ఇచ్చిన పట్టిక తీయండి. ఎనిమిదేళ్ల మగపిల్లల వరసలో నడిమి అంకె 15.7. అంటే మీరు బక్కోడని బెంగపడుతున్న పిల్లాడు వరసకి సరిగ్గా నడుమ నిలబడ్డాడు.

ఇక్కడితో ఆగను, ఎందుకంటే ఇదే తప్పు ఏటా చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్లాడిని ఎలాగైనా 18.5కి తేవాలని మీరు పట్టుబట్టారనుకోండి. దాదాపు 30 కిలోలు తూగాలి. అంటే అయిదు కిలోలు ఎక్కించాలి. మళ్లీ అదే పట్టిక చూడండి. ఎనిమిదేళ్ల మగపిల్లాడికి 17.4 దాటితే అధిక బరువు. 19.7 దాటితే ఊబకాయం. పెద్దవాళ్లకి బక్కతనం గీత ఎక్కడుందో, అక్కడికి చేరేసరికి ఎనిమిదేళ్లవాడు లావు గీత దాటేసి ఉంటాడు. మరి నిజంగా బక్కతనం ఎక్కడ? 13.3కి కింద. అదీ మగపిల్లాడికి. అదే వయసు ఆడపిల్లకి 12.9కి కింద. తొమ్మిదేళ్లకి ఈ అంకెలన్నీ మారతాయి, పదేళ్లకి మళ్లీ మారతాయి. అందుకే వయసు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది రాయకుండా ఒట్టి బీఎంఐ నాకు పంపితే నేను జవాబివ్వను.

అసలిలా ఎందుకుంటుందంటే, ఏడాది బిడ్డ బొద్దుగా ఉంటాడు. నడక, పరుగు వచ్చాక సన్నబడతాడు. అయిదారేళ్లకి బీఎంఐ అన్నిటికంటే కిందికి దిగి, అక్కడి నుంచి మళ్లీ మెల్లగా ఎక్కుతుంది. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు బళ్లో చేరతారు. అమ్మమ్మ దసరా సెలవులకొచ్చి "బడికెళ్లి సగమైపోయాడు" అంటుంది. బడి పాపమేమీ లేదు, వయసు అంతే.

మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు 2015లో మన పిల్లల కొలతలతోనే వేరే పట్టిక వేశారు. పిల్లల డాక్టరు గోడ మీద మీకు కనిపించేది అదే కావచ్చు. గీతలు కాస్త తేడాగా ఉంటాయి. ఏదో ఒకటి పట్టుకోండి. ఈ ఏడు ఒకటి, వచ్చే ఏడు ఇంకొకటి చూస్తే పిల్లాడు పెరిగాడో, పట్టిక మారిందో తెలీదు.

ఇంకో తప్పు కూడా ఉంది, ఇది ఇంకా ప్రమాదం. ఒక తల్లి పదకొండేళ్ల కూతురు ఎత్తు "4.10" అని రాశారు. బరువు 38 కిలోలు. ఆ 4.10ని 30.48తో గుణించి 125 సెంటీమీటర్లు అని వేసుకున్నారు. బీఎంఐ 24.3 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకి 23.7 దాటితే ఊబకాయం. దాంతో రాత్రి అన్నం మానిపించి రెండు వారాలుగా ఒక్క పుల్కా పెడుతున్నారట. ఆ పిల్ల ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. అంటే 147 సెంటీమీటర్లు. అసలు బీఎంఐ 17.6. ఆ వయసుకి నడిమి అంకె 17.2. పుల్కా తిన్న పిల్లకి నా తరఫున క్షమాపణ చెప్పండమ్మా, ఈ పూటే పప్పు, నెయ్యి వేసి అన్నం పెట్టండి.

కనుక ఇకమీదట అడుగులు, అంగుళాలు వద్దు. టైలరు టేపులో సెంటీమీటర్ల వైపు తిప్పి వాడండి. చెప్పులు తీయించండి, జడ మీద కాకుండా మాడు మీద అట్ట పెట్టండి. ఇవి చెప్పక్కర్లేదనుకున్నాను, చెప్పాల్సి వచ్చింది.

నన్నడిగితే ఒక్క బీఎంఐ అంకె కంటే తలుపు వాకిలి మీద పెన్సిలు గీతే మేలు. ఏటా పుట్టినరోజున ఒకటి. ఈ వయసులో ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరగాలి, బరువు 2, 3 కిలోలు. గీతకీ గీతకీ మధ్య 4 సెంటీమీటర్లు కూడా లేకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరికెళ్లండి, ఆ గీతల కొలతలు చూపించండి. ఇంటికి సున్నం వేయించేటప్పుడు ఆ వాకిలి జోలికి పోవద్దని చెప్పడం మరిచిపోకండి. మా ఇంట్లో ఆరేళ్ల గీతలు ఒక్క రోజులో పోయాయి.

పౌడర్ల గురించి ఒకే మాట: నాకు వాటి మీద నమ్మకం లేదు. గుడ్డు, పల్లీ పట్టీ, రాగి జావ. ప్రభుత్వ బళ్లో మధ్యాహ్న భోజనం ప్రాథమిక తరగతుల వాళ్లకి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని లెక్క. మీ పిల్లాడు అక్కడ తింటున్నాడా, పక్కవాడి కంచంలోకి తోసేస్తున్నాడా అన్నది ముందు కనుక్కోండి. నిద్ర తొమ్మిది గంటలకి తగ్గకూడదు, ఆట రోజుకో గంట. ఇవి మీకు తెలుసు, ముందుకెళ్దాం.

ఆలోచన దగ్గరికి వెళ్లేముందు ఒక చిన్న అడ్డంకి ఉంది. ఒంటి సంగతి తేలకుండా బుర్ర సంగతి తేల్చకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతిలో ఒకబ్బాయి ఉండేవాడు. బోర్డు మీద లెక్క ఒక్కటీ సరిగ్గా ఎక్కించేవాడు కాదు. 36 రాస్తే 86 అని ఎక్కించేవాడు. మొద్దు అనుకుని చివరి బెంచీలో వేశాను. కంటి పరీక్షల శిబిరం వచ్చిన రోజున తేలింది, వాడికి బోర్డే కనిపించడం లేదని. కళ్లద్దాలు వచ్చిన వారానికి వాడు నా కూడికలో తప్పు చూపించాడు. నేను చివరి బెంచీలోకి పంపడం వల్ల వాడికి ఆ కాస్త కూడా కనిపించకుండా పోయిందన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కాబట్టి ముందు ఒక కన్ను మూయించి గోడ కేలండరులో తేదీలు చదివించండి, తర్వాత రెండో కన్ను. ఒక కంటితో చదివింది రెండో కంటితో చదవలేకపోతే, లేదా మీకు తేలిగ్గా కనిపించే తేదీ వాడికి అందకపోతే, కళ్ల డాక్టరుకి చూపించండి.

రక్తహీనత కూడా అంతే. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5–9 ఏళ్ల పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మందికి అది ఉందని తేలింది. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11.5కి తగ్గితే రక్తహీనతే. రక్తం తక్కువైన పిల్లలు ఊరికే అలిసిపోతారు, పాఠం మీద ధ్యాస నిలవదు. మనం దాన్ని బద్ధకం అంటాం. బళ్లో వారానికొకటి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర, పదేళ్లు దాటితే నీలం రంగుది, జేబులోకి కాకుండా కడుపులోకి పోతోందా? ఫిబ్రవరి 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకున్నాడా? అడగండి.

ఇక మజ్జిగ.

టీచరు అర్హత పరీక్ష టెట్ రాసినవాళ్లకి మూర్త ప్రచాలక దశ (కళ్లముందున్న వస్తువుల గురించి తర్కంతో ఆలోచించే వయసు), పదిలపరచుకొనే భావన (ఆకారం మారినా ఉన్నది అంతే ఉంటుందని తెలియడం), ఏడు నుంచి పదకొండేళ్లు, పియాజే అని కంఠతా వచ్చు. వాళ్లలో గ్లాసు చేత్తో పట్టుకుని చూసినవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురే తగిలారు. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే పిల్లల్ని కూర్చోబెట్టి చేసిన పనినే మనం వంటింట్లో చేస్తాం. నీళ్లయితే గ్లాసులో సరిగ్గా కనపడవు, మజ్జిగయితే తెల్లగా గీత గీసినట్టుంటుంది. గాజు గ్లాసులే కావాలి, స్టీలు పనికిరావు.

ఒకేలాంటి రెండు పొట్టి గ్లాసుల్లో మజ్జిగ పోయండి. కొంచెం అటూ ఇటూగా పోసి, సమానం చేయమని పిల్లకే ఇవ్వండి. చెంచాతో ఇటు నుంచి అటు పోసుకుంటూ తనకి తృప్తి అయ్యేదాకా సరిచేసుకుంటుంది. ఆ తర్వాత ఒక గ్లాసులోది తన కళ్లముందే సన్నటి పొడుగు గ్లాసులోకి వంపండి. అప్పుడు అడగండి: "ఇప్పుడు రెండిట్లో మజ్జిగ సమానంగా ఉందా, ఒకదాన్లో ఎక్కువుందా?" ఒక్కసారే. జవాబు రాగానే "ఎందుకలా?" అనండి, అదీ ఒక్కసారే.

ఒక్కసారే అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. పాత పద్ధతిలో వంపకముందు ఒకసారి "సమానమేనా?" అని అడిగి, వంపాక మళ్లీ అదే అడిగేవారు. మన పిల్లలకి బళ్లో అలవాటైన సంగతి ఏమిటి? టీచరు అదే ప్రశ్న మళ్లీ అడిగిందంటే మొదటి జవాబు తప్పని అర్థం. అందుకని మార్చేస్తారు. 1974లో సూసన్ రోజ్, మారియన్ బ్లాంక్ అనే పరిశోధకులు మొదటి ప్రశ్న తీసేసి చూస్తే ఒకటో తరగతి పిల్లల తప్పులు తగ్గాయి. సమానం చేసే పని పిల్లకే అప్పగించమనడం నా సొంత చిట్కా. ప్రశ్న అడగకుండానే తన మనసులో మాట తెలిసిపోతుంది.

మా పక్కింట్లో ఆరున్నరేళ్ల పాప, తొమ్మిదేళ్ల అన్న ఉన్నారు. పాపని కూర్చోబెట్టాను. పొడుగు గ్లాసు మీద వేలు పెట్టి, "మామ్మా, ఇందులో ఎక్కువుంది" అంది.

"ఎందుకే?"

"ఇక్కడిదాకా వచ్చింది కదా."

గుమ్మం దగ్గర నుంచి వాళ్లన్న, "పిచ్చిమొహమా, మామ్మ కొత్తగా ఏం పొయ్యలేదుగా!" అన్నాడు. పాప నా మొహం చూసింది, వాడి మొహం చూసింది, పెదవి విరిచి "సమానమే" అంది. ఆ రెండో జవాబు పాపది కాదు, వాళ్లన్నది. నా పుస్తకంలో మొదటిదే రాసుకున్నాను. అందుకే పెద్ద పిల్లల్ని ముందు బయటికి పంపేయండి.

అన్న చెప్పింది మాత్రం బంగారం లాంటి కారణం. "ఏం కలపలేదుగా" అన్నది ఒక రకం. "మళ్లీ పొట్టిదాన్లో పోస్తే అంతే వస్తుంది" అన్నది రెండోది. "ఇది పొడుగే కానీ సన్నం" అన్నది మూడోది. "సమానం" అని ఊరుకుంటే లెక్కలోకి రాదు. కారణమే మనకి కావాలి.

చింతపిక్కలు రెండు వరసలుగా పేర్చి ఒక వరసను ఎడంగా జరిపితే, "రెండిట్లో అన్నే ఉన్నాయి" అనడం ఆరేడేళ్లకి వస్తుంది. మజ్జిగ ఏడెనిమిదికి. చపాతీ పిండి ముద్దని అప్పడంలా ఒత్తినా బరువు మారదనడం తొమ్మిది, పదికి. పిండిని నీళ్లలో ముంచితే ఏ ఆకారంలో ఉన్నా నీళ్లు అంతే పైకొస్తాయనడం పదకొండు, పన్నెండుకి. ఒకే బుర్ర, ఒకే సూత్రం, అయినా ఏళ్ల తేడా. ఈ వయసులు రాయి మీద గీత కాదు. 1969లో మెక్సికోలో కుమ్మరుల పిల్లల మీద జరిపిన పరిశోధనలో, అదే వయసు మిగతా పిల్లల కంటే వాళ్లు మట్టి ముద్ద పరీక్షలో ముందున్నారు. రోజూ మట్టి పిసికే ఇంట్లో పుట్టారు మరి. మా వీధిలో టీ కొట్టు వాళ్లబ్బాయి ఏడేళ్లు నిండకుండానే "గ్లాసు అడుగు మందంగా ఉంది టీచర్, మీరు మోసం చేస్తున్నారు" అన్నాడు. పరీక్షలో తప్పింది నేనే.

తప్పు చెప్పిన పిల్లకి సరైన జవాబు నేర్పకండి. నేర్పితే అప్పజెబుతుంది, మీకేం తెలియకుండా పోతుంది.

సాధన: ఏడేళ్ల లోపు పిల్ల ఒకరు, ఎనిమిది దాటినవారు ఒకరు కావాలి. మీ ఇంట్లో లేకపోతే అక్కాచెల్లెళ్ల పిల్లల్ని పిలవండి. ఒక్కొక్కరితో చింతపిక్కలు, మజ్జిగ, పిండి మూడూ చేయండి, రెండు వేర్వేరు రోజుల్లో. ఒక రోజు బడి నుంచి రాగానే, ఇంకో రోజు ఇరవై నిమిషాలు పరిగెత్తి ఆడి, పావుగంట ఊపిరి తీసుకున్నాక. 2009లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు తొమ్మిది పదేళ్ల పిల్లల్ని ఇరవై నిమిషాలు నడిపించి, ఊపిరి కుదుటపడ్డాక చూస్తే ధ్యాస మెరుగైంది. అక్కడ పిల్లలు ఇరవై మందే, మన దగ్గర ఇద్దరే. అయినా చూద్దాం. పిల్లలన్న మాట అన్నట్టే రాయండి, మీ భాషలోకి దిద్దకండి. "ఇక్కడిదాకా వచ్చింది" అంటే "మట్టం ఎక్కువగా ఉంది" అని రాసి పంపినవాళ్లవి వెనక్కి పంపేస్తాను. సరిగ్గా రెండు నెలలకి అదే గ్లాసులతో మళ్లీ చేయండి, అందాకా ఆ గ్లాసులు పగలకుండా చూసుకోండి.

వచ్చే పాఠం అంకెలు గుర్తుపెట్టుకోవడం మీద. ఈలోగా ఒక్క సంగతి కనుక్కోండి: మీ పిల్ల ఇంటి ఫోన్ నంబరు చెప్పేటప్పుడు తెలుగులో చెబుతుందా, ఇంగ్లిష్‌లోనా?