డెల్టా నేలల మీద ఆర్‌సీ ట్రక్కు షాకబ్జార్బర్లను సరిచేసుకోవడం

రిమోట్ కంట్రోల్ ట్రక్కును ఏ నేల మీదైనా ఓ మాదిరిగా నడిచేలా అమర్చి కంపెనీలు అమ్ముతాయి. గోదావరి డెల్టాలో ఒకే మండలం దాటకుండానే దాళ్వా కోతల తరవాత నెర్రెలిచ్చిన చేలు, బండి చక్రాలకు గట్టిపడిన పుంతలు, ఏటిగట్టు వాలులు, లంకల మెత్తటి ఇసుక అన్నీ ఎదురవుతాయి కాబట్టి, ఆ సగటు అమరిక వీటిలో దేనికీ పూర్తిగా అమరదు. ట్రక్కు చేలో ఎగిరెగిరి పడుతోందనగానే చాలామంది కొత్త స్ప్రింగులు కొంటారు గానీ, ఎక్కువసార్లు లోపం అక్కడ ఉండదు. స్ప్రింగు పని బరువు మోయడం. చక్రం ఎంత వేగంగా పైకి లేవాలో, ఎంత వేగంగా కిందికి దిగాలో తేల్చేవి షాకు లోపలి ఆయిలూ, ఆ ఆయిలు దూరి వెళ్ళే పిస్టన్ రంధ్రాలూ. ఒకదాని పనిని మరొకదానితో చేయించబోతే సర్దుబాటుకు అంతు ఉండదు. ఇక్కడ చెప్పేవి ట్రాక్సాస్ స్లాష్ వంటి 1:10 కొలత (అసలు బండిలో పదో వంతు) ట్రక్కులకు వర్తిస్తాయి.

ముందుగా నాలుగు షాకులనూ విప్పి, స్ప్రింగులు తీసేసి, ఒక్కొక్క షాఫ్టును (పిస్టన్ బిగించి ఉండే కడ్డీని) నెమ్మదిగా లోపలికి నొక్కి, మళ్ళీ బయటికి లాగి చూడాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువు ఉండాలి. మధ్యలో వదులుగా జారి బుడబుడమని చప్పుడు చేస్తే లోపల గాలి చేరింది. ఒకచోట పట్టేస్తే షాఫ్టు వంగి ఉండవచ్చు. షాఫ్టు మొదట్లో తడీ, ఆ తడికి అంటుకున్న మట్టీ కనిపిస్తే ఓ-రింగు, అంటే ఆయిలు కారకుండా షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు వలయం, అరిగిపోయింది. కొబ్బరి తోటల్లో నడిపేవారు షాఫ్టుకు పీచు పోగులు చుట్టుకున్నాయేమో కూడా చూసుకోవాలి. ముందు రెండూ ఒకే తీరుగా, వెనక రెండూ ఒకే తీరుగా ఉండాలి. ఎడమకూ కుడికీ తేడా ఉన్న ట్రక్కుకు మిగతా సర్దుబాట్లేవీ పని చేయవు.

ఆయిలు మార్చేటప్పుడు తొందరపడకూడదు. పాత ఆయిలు వంపేసి, లోపలి భాగాలను నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, షాఫ్టును పూర్తిగా కిందికి లాగి, షాకును నిలువుగా పట్టుకుని అంచుకు కాస్త దిగువ వరకు ఆయిలు పోయాలి. పిస్టన్ ఆయిలు మట్టం దాటి పైకి రాకుండా చూసుకుంటూ మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే దాని కింద చిక్కుకున్న గాలి బుడగలై పైకి వస్తుంది. తరవాత పది నిమిషాలు నిలువుగా ఉంచేయాలి. చిన్న బుడగలు తేలడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. చిక్కటి ఆయిలైతే ఇంకా ఎక్కువే పడుతుంది. మూత కింద రబ్బరు తిత్తి ఉన్న రకమైతే తిత్తిని అమర్చి, షాఫ్టును కొంత లోపలికి నొక్కి, ఎక్కువైన ఆయిలు అంచు మీదుగా పొర్లనిచ్చి, అప్పుడు మూత బిగించాలి. షాఫ్టు లోపలికి వెళ్ళినప్పుడు అది ఆక్రమించినంత చోటును ఆ తిత్తి ముడుచుకుని ఇస్తుంది. ఆయిలు మరీ నిండుగా ఉంటే ఆ చోటు దొరకక షాఫ్టు చివరి వరకు వెళ్ళకముందే ఆగిపోతుంది. అలా ఆగితే మూత విప్పి, కొన్ని చుక్కలు తీసి మళ్ళీ బిగించాలి.

షాకులను తిరిగి బిగించాక, బ్యాటరీ పెట్టి, నడిపేటప్పుడు ఉండే బరువంతా ఉంచి ఎత్తు చూసుకోవాలి. ట్రక్కును జానెడు ఎత్తు నుంచి వదిలి, అది కుదురుకున్నాక వెనకనుంచి చూస్తే డ్రైవ్ షాఫ్టులు (చక్రాలను తిప్పే కడ్డీలు) నేలకు దాదాపు సమాంతరంగా కనిపించాలి. అక్కడి నుంచి మొదలుపెట్టి, చేలకూ ఇసుకకూ కొన్ని మిల్లీమీటర్లు పెంచుకోవచ్చు. స్ప్రింగు పైన తిరిగే కాలరు ఉన్నది ఈ ఎత్తు కోసమే. కాలరు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందన్న నమ్మకం మన వైపు బాగా ఉంది, కానీ అది నిజం కాదు. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందాన్నీ, చుట్ల సంఖ్యనూ, చుట్టు వెడల్పునూ బట్టి ఉంటుంది. కాలరు తిప్పినందువల్ల మారదు. పైగా కాలరును బాగా బిగిస్తే ట్రక్కు పైకి లేచి, చక్రం కిందికి జారడానికి మిగలాల్సిన చోటు తగ్గిపోతుంది. నెర్రెల చేలో చక్రం గుంటలోకి దిగి నేలను పట్టుకోవాలంటే ఆ చోటే కావాలి. కాలరును చివరికంటా బిగిస్తే తప్ప సరైన ఎత్తు రాకపోతే, అప్పుడు నిజంగానే గట్టి స్ప్రింగు అవసరమన్నమాట. పెద్ద బ్యాటరీ పెట్టినవారికి ఈ అవసరం ఎక్కువగా వస్తుంది.

ఆయిలు చిక్కదనాన్ని సీసాల మీద రెండు రకాలుగా రాస్తారు. డబ్ల్యూటీ (వెయిట్) అంకె అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. సెంటీస్టోకుల అంకె నికరమైన కొలత గనుక పోల్చుకోవడానికి దాన్నే చూడాలి. సుమారుగా 30 డబ్ల్యూటీ 350 సెంటీస్టోకులకూ, 40 డబ్ల్యూటీ 500 సెంటీస్టోకులకూ దగ్గరగా ఉంటాయి. సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచి ఆ అంకె వేస్తారు. సిలికోన్ ఆయిలు ఖనిజ తైలాలంతగా వేడికి పలచబడదు గానీ, అసలు మారదనుకోకూడదు. 25 నుంచి 40 డిగ్రీలకు వెళ్ళేసరికి దాని చిక్కదనంలో దాదాపు నాలుగో వంతు పోతుంది. సంక్రాంతి పొద్దుల్లో 350 ఆయిలుతో చక్కగా నడిచిన ట్రక్కు రోహిణి కార్తె ఎండలో బంతిలా ఎగరడానికి కారణం ఇదే. వేసవిలో 400 లేదా 450కి మారితే పాత తీరు తిరిగి వస్తుంది. మోటారు సైకిల్ ఫోర్కు ఆయిలు ఊళ్ళో సులభంగా దొరుకుతుంది గానీ, ఖనిజ తైలంతో చేసిన రకాలు ఎండకు బాగా పలచబడతాయి. కొబ్బరి నూనె పోస్తే ఏమవుతుందని అడిగేవారూ కోనసీమలో ఉంటారు: అది దాదాపు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది కాబట్టి, పుష్యమాసపు తెల్లవారుజామున షాకు కదలనే కదలదు.

అసలు మెలకువంతా పిస్టన్‌లో ఉంది. పిస్టన్ నెమ్మదిగా కదిలేటప్పుడు ఎదురయ్యే అడ్డు ముఖ్యంగా ఆయిలు చిక్కదనాన్ని బట్టి ఉంటుంది. ట్రక్కు గట్టు మీదినుంచి దూకి నేలను తాకినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా దూసుకుపోతుంది; అప్పుడు ఆయిలు రంధ్రాల గుండా అంత వేగంగా పోలేక అడ్డు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పెరుగుదల చిక్కదనం కంటే రంధ్రాల మొత్తం వైశాల్యం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కాబట్టి చిన్న రంధ్రాలకు పలచని ఆయిలు, పెద్ద రంధ్రాలకు చిక్కని ఆయిలు పోసిన రెండు షాకులు చేత్తో నొక్కినప్పుడు ఒకేలా అనిపించినా నేల మీద వేర్వేరుగా నడుస్తాయి. మొదటిది దూకుళ్ళను బాగా ఆపుతుంది గానీ, వరుస గతుకుల మీద బిగుసుకుపోయి చక్రాన్ని నేల నుంచి ఎత్తేస్తుంది. రెండోది గతుకులను మింగుతుంది గానీ, పెద్ద దూకుడుకు ఛాసిస్ నేలను కొడుతుంది.

దీన్ని మన నేలలకు అన్వయించుకుంటే, వరి కొయ్యకాళ్ళూ నెర్రెలూ ఉన్న చేలో గతుకులు చిన్నవి, మొనదేలినవి, వెంటవెంటనే తగిలేవి. అక్కడ పెద్ద రంధ్రాల పిస్టన్, మెత్తని స్ప్రింగు కావాలి. చేపల చెరువు గట్ల మీదికీ కిందికీ దూకించేవారికి రంధ్రాలు చిన్నవై ఉండాలి. అవసరమైతే ఆయిలును ఒక మెట్టు పలచన చేసి నెమ్మది కదలికను తిరిగి తెచ్చుకోవాలి. లంకల ఇసుకలో ఎత్తుపల్లాలు వెడల్పుగా, మెత్తగా ఉంటాయి కాబట్టి పదునైన దెబ్బలు తక్కువ. ట్రక్కు పడవలా ముందుకూ వెనక్కూ ఊగడమే అక్కడి ఇబ్బంది. దానికి చిక్కటి ఆయిలే మందు. ఈ మూడు చోట్లా ఒకే ట్రక్కును నడపాలనుకునేవారు పిస్టన్ చేలకు తగినది పెట్టుకుని, ఆయిలు మాత్రం మార్చుకోవడం మేలని నా అభిప్రాయం.

మార్చిన ప్రతిసారీ అదే దారిలో, అదే వేగంతో నడిపి చూడాలి; ఒక విడతకు ఒక్క మార్పే చేసి, చేసినది కాగితం మీద రాసుకోవాలి. ట్రక్కును మోకాలి ఎత్తు నుంచి నాలుగు చక్రాలూ ఒకేసారి తాకేలా వదిలితే ఛాసిస్ నేలను ఇలా తాకి అలా లేచి, ఒక్క కదలికలో కుదురుకోవాలి. తాకకుండా పైకి ఎగిరితే, స్ప్రింగుకు తగినంత ఆయిలు అదుపు లేదు. తాకి గట్టిగా చప్పుడు చేస్తే చిక్కటి ఆయిలు గానీ, చిన్న రంధ్రాలు గానీ కావాలి. నొక్కి వదిలినప్పుడు బద్ధకంగా లేస్తే ఆయిలు మరీ చిక్కనైంది. వరుస గతుకుల మీద అలాంటి షాకు లేవడానికి వ్యవధి లేక కిందికి కుంగుతూ పోతుంది.

టవర్ (షాకుల పై కొసలను బిగించే నిలువు పలక) మీద షాకు పై కొసను లోపలి రంధ్రానికి మారిస్తే షాకు వాలుతుంది. మొదటి కదలిక మెత్తబడి, లోతుకు వెళ్ళేకొద్దీ గట్టిపడుతుంది. కింది కొసను ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి) మీద చక్రం వైపు జరిపితే మొత్తం బిగువు పెరుగుతుంది. ఇవి చివరి మెరుగుకు పనికొచ్చేవే తప్ప, ఆయిలు లోపాన్ని సరిదిద్దలేవు. మలుపుల్లో ట్రక్కు తిరగకుండా నేరుగా పోతుంటే ముందు స్ప్రింగులను మెత్తబరచాలి, లేదా వెనకవి గట్టిబరచాలి. వెనక భాగం జారి గిరగిరా తిరుగుతుంటే దీనికి తలకిందులుగా చేయాలి.

అంతర్వేది వంటి సముద్రతీరపు ఇసుకలో నడిపి వచ్చిన రోజే షాకులను విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టాలి. ఉప్పు తేమ మిగిలితే స్ప్రింగులకు తుప్పు పడుతుంది. షాఫ్టును నొక్కకుండానే ముందు మెత్తని బ్రష్షుతో ఇసుక దులపాలి, ఎందుకంటే అంటుకున్న రేణువు ఓ-రింగులోకి వెళ్ళి షాఫ్టు మీద గీత పెడితే, కొత్త ఓ-రింగు వేసినా ఆ గీత వెంట ఆయిలు కారుతూనే ఉంటుంది. గీత పడిన షాఫ్టును మార్చడం తప్ప మార్గం లేదు. తరచూ ఇసుకలో తిప్పేవారు బెలూను ముక్కను గొట్టంలా కత్తిరించి షాఫ్టుకు తొడుగుగా వేసుకోవచ్చు, అది షాఫ్టు పూర్తి కదలికను పట్టి ఆపకుండా వదులుగా ఉంటే చాలు.