సముద్రం ఒడ్డున ఇల్లుంటే: వెలుతురు, ఇసుక, నీళ్ల జాగ్రత్తలు

చీకటి పడ్డాక ఒకసారి నీళ్ల అంచుదాకా నడిచి వెళ్లి, వెనక్కి తిరిగి మీ ఇంటివైపు చూడండి. వరండా లైటు అక్కడికి కనబడుతోందంటే తాబేళ్లకూ కనబడుతున్నట్టే, పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వెలుతురున్న ఒడ్డుకు రావడానికి తల్లి తాబేలు జంకుతుంది. వచ్చి గుడ్లు పెట్టినా అసలు కష్టం పిల్లలకే. అవి ఎక్కువగా రాత్రిపూట ఇసుక తోసుకుని పైకి వస్తాయి, నేలకు దగ్గరగా ఎటు ఎక్కువ వెలుతురుంటే అదే సముద్రమనుకుని అటు పాకుతాయి. మామూలుగా ఆ లెక్క తప్పదు, ఎందుకంటే ఆకాశపు వెలుగు పడే నీళ్లే ఒడ్డు కంటే కాంతిగా ఉంటాయి. మన లైటు దాన్ని తారుమారు చేస్తుంది, పాపం అవి రోడ్డు మీదికో ఇళ్ల మధ్యకో వెళ్లి, తెల్లారేలోపు కుక్కలకు దొరికిపోతాయి లేదా తెల్లారాక ఎండకు మాడిపోతాయి.

అందుకే సముద్రంవైపు లైట్లు తీసేయండి. తప్పదనుకుంటే తక్కువ ఎత్తులో, కిందికి తిప్పి, బల్బు బయటికి కనబడకుండా మూత పెట్టండి. తెల్ల ఎల్‌ఈడీ బదులు ముదురు నారింజ లేదా ఎరుపు వాడండి (తరంగదైర్ఘ్యం 560 నానోమీటర్లకు పైబడిన కాంతి వాటిని తక్కువగా తప్పుదారి పట్టిస్తుంది). కిటికీలకు మందపాటి కర్టెన్లు కూడా వేయండి.

గూడు కనబడితే గుడ్లు ముట్టుకోకండి, కాపాడాలనే ఉద్దేశంతో కూడా వద్దు. ఆలివ్ రిడ్లీ తాబేలు ఒక్కో గూట్లో సుమారు 100 గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది కాబట్టి ఆ తర్వాత గుడ్డును తిప్పితే అది చనిపోవచ్చు. పైగా ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. కాబట్టి చోటు గుర్తుపెట్టుకుని అటవీ సిబ్బందికి చెప్పండి, కుక్కలను దూరంగా ఉంచండి, తిండి వ్యర్థాలు ఇసుకలో పారేయకండి, తాబేలు పిల్లలు బయటికొచ్చేటప్పుడు ఫోన్ ఫ్లాష్ అస్సలు వేయకండి.

ఇక ఇసుక దిబ్బ. సముద్రం బాగా కనబడాలని దాన్ని చదును చేయించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తుఫాను అలలు ముందుగా కోసేది ఆ దిబ్బనే, అలా పోయిన ఇసుకలో చాలావరకు ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్ల కింద మేట వేస్తుంది, సముద్రం నెమ్మదించాక అలలే మెల్లగా వెనక్కి తెస్తాయి. దిబ్బ లేకపోతే అల నేరుగా గోడను తాకుతుంది. మేక గిట్ట ఆకారం ఆకులతో ఇసుక మీద పాకే తీగను పీకకండి, ఇసుకను పట్టి ఉంచేది అదే. అందరూ ఒకే దారిన నడవండి, వీలైతే దాని మీద చెక్కలు పరవండి.

నా దృష్టిలో అందరూ తలకిందులుగా చేసే పని బావి విషయంలోది. తీరంలో భూమిలోని మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి 1 మీటరు ఎత్తున మంచినీళ్లుంటే కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీళ్లే ఉంటాయని ఒక లెక్క. అంటే మోటారు గట్టిగా తోడి పైమట్టం 1 మీటరు దించితే, కాలక్రమంలో కింది ఉప్పునీళ్లు 40 మీటర్లు పైకి రావచ్చు. నీళ్లు ఉప్పగా మారగానే బోరు ఇంకా లోతుకు వేయించడం అంటే ఉప్పుకు ఎదురెళ్లడమే. లోతు తగ్గించండి, కొంచెం కొంచెంగా విరామం ఇచ్చి తోడండి, వాన నీళ్లు ఇంకేలా పెరటిని సిమెంటు చేయకుండా వదిలేయండి. ఎండాకాలంలో టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలను చూపే పరికరం) తరచూ చూసుకుంటే, నాలుకకు తెలిసేలోపే మార్పు పట్టుకోవచ్చు.

మడ అడవి ఉంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లను తొక్కకండి, వాటితోనే చెట్టు గాలి పీల్చుకుంటుంది.

ఒడ్డున పడి ఉన్న జెల్లీఫిష్ చచ్చినా కుడుతుంది. కుడితే రుద్దకుండా సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకుని మిగిలిన దాని సన్నని ముళ్లు కూడా విషం వదలొచ్చు. లోతు తక్కువ నీళ్లలో అడుగు ఎత్తి వేయకుండా ఇసుకను ఈడుస్తూ నడిస్తే, తోకలో ముల్లుండే టేకు చేపలు ముందే పక్కకు తప్పుకుంటాయి. ఇసుకలో సముద్రపు పాము కదలకుండా ఉన్నా ముట్టుకోకండి. కాటు నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

డాల్ఫిన్ ఒడ్డుకు కొట్టుకొస్తే తోక పట్టి నీళ్లలోకి లాగొద్దు. ముందు అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి. వాళ్లొచ్చేదాకా దాన్ని బోర్లా ఉంచి, తడిగుడ్డలు కప్పి నీళ్లు చిలకరిస్తూ, నెత్తి మీద శ్వాస రంధ్రంలోకి మాత్రం నీళ్లుగానీ ఇసుకగానీ పోకుండా చూసుకోండి, నీడ పట్టండి, సెల్ఫీల కోసం మూగేవాళ్లను దూరంగా పంపండి.