కారు సంరక్షణ స్వయంబోధిని – 5వ పాఠం: సీసా మందును కొలిచి చూడడం

కిందటి పాఠంలో ఇంజన్ ఆయిలు డబ్బా మీద ఉండే 5డబ్ల్యూ-30 వంటి అంకెలను, గుండ్రటి ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ముద్రను చదవడం నేర్చుకున్నాము. పెట్రోలు బంకులో ట్యాంకు మూత తీసీ తీయగానే చిన్న సీసా ఒకటి చూపించి, "ఇది కలపమంటారా సార్, మైలేజీ పెరుగుతుంది, ఇంజన్ క్లీన్ అవుతుంది" అని అడిగే కుర్రవాడికి ఏమని జవాబు చెప్పాలన్నది నేటి పాఠం. కలపవచ్చునా అని పదిమందిని అడగడం కాక, కలిపితే ఏమి మారిందో మనమే కొలిచి తెలుసుకోవడం ఇందులో పట్టుబడవలసిన విద్య.

ముందుగా ఆయిలులో పోసే యాడిటివ్‌ల, అంటే అదనంగా కలిపే మందుల, సంగతి చూద్దాము. మనం కొనే ఇంజన్ ఆయిలు వట్టి నూనె కాదు. మసి ముద్దకట్టకుండా నూనెలోనే తేలుతూ ఉండేటట్లు చూసే డిస్పర్సెంట్లు, ఆమ్లాలను విరిచే కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్లు, లోహపు భాగాలు ఒకదానినొకటి రాసుకొనే చోట పలుచని పొర కట్టే జెడ్‌డీడీపీ అనే జింక్, భాస్వరాల సమ్మేళనం, వేడెక్కినప్పుడు నూనె మరీ పలచబడకుండా కాచే పాలిమర్లు – ఇవన్నీ తయారీదారు పాళ్లు చూసి కలిపి, ఆ మిశ్రమాన్ని ఇంజన్లలో నడిపి పరీక్షించిన తరువాతనే దానికి ఏపీఐ ముద్ర దొరుకుతుంది. ఆ పైన మనం మరొక సీసా పోస్తే, ఆ కొత్త మిశ్రమాన్ని ఎవరూ పరీక్షించలేదని గుర్తుంచుకోవాలి.

పాళ్లు ఎంత సున్నితమైనవో భాస్వరాన్ని బట్టి తెలుస్తుంది. పెట్రోలు కార్ల ఆయిళ్లకు పెట్టిన ప్రమాణాలలో ఒకటైన ఐఎల్‌ఎస్‌ఏసీ జీఎఫ్-6 ప్రకారం భాస్వరం బరువులో 0.06 శాతానికి తగ్గకూడదు, 0.08 శాతానికి మించకూడదు. తగ్గితే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు అరుగుతుంది. మించితే పొగలో కలిసిపోయి, ఆ పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు మీద పేరుకుని దానిని చెడగొడుతుంది. అలాగే కాల్షియం ఎక్కువైతే చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో, తక్కువ వేగంలో బరువు లాగుతున్న సమయాన, ప్లగ్గు నిప్పు వేయకముందే మంట పుట్టుకొచ్చే బెడద ఉంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ప్రమాణంలో ఈ బెడదకు ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉన్నది. పాత అంబాసిడర్‌ను ప్రేమగా నడుపుకొనేవారి సంగతి వేరు. దానిలో వాల్వులను నెట్టే ట్యాపెట్ల అమరికకు జింక్ కాస్త ఎక్కువ ఉండడమే మేలు. అయితే వారు కూడా సీసా కొనడం కన్నా, జింక్ పాలు ఎక్కువగా ఉన్న 20డబ్ల్యూ-50 ఆయిలు వెతికి పోసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

"పొగ ఆపుతుంది, శబ్దం తగ్గిస్తుంది" అని అమ్మే చిక్కటి ద్రవాలలో చాలావరకు పాలిమర్ జిగురే ఉంటుంది. ఆయిలు చిక్కబడుతుంది కనుక అరిగిన పిస్టన్ రింగుల సందులలోంచి పైకి ఎక్కడం తగ్గి, పొగ కొన్నాళ్లు కనబడదు. రింగులు మాత్రం అరిగినవి అరిగినట్లే ఉంటాయి. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు దీనిని ప్రత్యేకంగా గమనించాలి: బేరానికి వెళ్లిన రోజున ఇంజన్ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా, కొన్న వెంటనే ఆయిలు, ఫిల్టరు మార్చి, వెయ్యి కిలోమీటర్లు నడిపిన తరువాత ఆయిలు మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

అమెరికాలో ఆయిలులో పోసే స్లిక్ 50 అనే మందు ఒకప్పుడు విపరీతంగా అమ్ముడుపోయింది. అందులోని పీటీఎఫ్‌ఈ, అంటే నాన్‌స్టిక్ పెనం మీద పూసే పదార్థమే, ఇంజన్‌లో పూతగా ఏర్పడి అరుగుదలను సగానికి తగ్గిస్తుందని ప్రకటనలు చెప్పేవి. 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ప్రకటనలకు ఆధారం లేదని అభియోగం మోపింది. 1997లో కంపెనీ రాజీకి వచ్చింది. మాన్యువల్‌లో చెప్పిన ఆయిలు వాడితే స్టార్టు చేసే క్షణంలో కూడా సాధారణంగా ఇంజన్‌కు తగినంత రక్షణ ఉంటుందని కమిషన్ అప్పుడు చెప్పిన మాట నేటికీ వర్తిస్తుంది.

ఇక పెట్రోలులో కలిపేవాటికి వద్దాము. ఇక్కడ నేను అంత కఠినంగా ఉండను, ఎందుకంటే ఈ గుంపులో నిజంగా పనిచేసే సరుకు ఒకటి ఉన్నది: ఇంజెక్టర్ల కొనలకు పట్టిన మసిపొరను కరిగించే డిటర్జెంట్లు, వాటిలోనూ ముఖ్యంగా పాలీఈథర్ అమైన్. సీసా మీద ఆ పేరు ఉన్నదో లేదో చూడండి. ఉన్నా, అది మురికిని కడుగుతుందే తప్ప, శుభ్రంగా ఉన్న ఇంజన్‌కు కొత్త శక్తి ఇవ్వదు. ఐడ్లింగ్‌లో వణుకు, పికప్‌లో తడబాటు ఉంటేనే దానికి పని ఉంటుంది. నేరుగా సిలిండరులోకే పెట్రోలు చిమ్మే టీఎస్‌ఐ, టీజీడీఐ ఇంజన్లలో, గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వుల వీపు మీద పెట్రోలు పడనే పడదు. కనుక ట్యాంకులో ఏది పోసినా అక్కడి మసి కదలదు.

ఆక్టేన్ అంటే పెట్రోలు తనంతట తాను ముందే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. దానిని పెంచుతామనే ఆక్టేన్ బూస్టర్ సీసాల మీద "5 పాయింట్లు పెరుగుతుంది" అని రాసి ఉంటే, 91 కాస్తా 96 అవుతుందని అనుకోకండి. ఆ వ్యాపారులు పాయింటు అన్నది తరచుగా ఆక్టేన్‌లో పదోవంతును, అంటే 91.5 అవుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో పోయిన మైలేజీని తిరిగి తెస్తామనే మాట మరీ విడ్డూరం. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలు కన్నా సుమారు మూడోవంతు శక్తి తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం లోటు. అంత లోటును చెంచాడు మందు ఎలా పూడుస్తుంది?

ఇప్పుడు కొలత. చాలా ఏళ్ల కిందట నేనూ హైవే మీద ఒక సీసా కొని పోశాను. మైలేజీ 15.2 నుండి 16కి పెరిగింది. నలుగురికీ గొప్పగా చెప్పాను కూడా. అదే రోజున నాలుగు టైర్లకూ గాలి పట్టించిన సంగతి నెల తరువాత గుర్తుకు వచ్చింది. అప్పటి నుండి పాటిస్తున్న పద్ధతి ఇది.

ఎప్పుడూ ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండిని ఒకే వైపుగా నిలిపి నింపించండి. ఆటో కట్ అయి నాజిల్ మొదటిసారి ఆగిన చోటే ఆపించండి. చిల్లర సరిపెట్టడానికి ఇంకాస్త కొట్టనీయకండి. ముప్పై లీటర్లలో అర లీటరు తేడా వచ్చినా, పదహారు మైలేజీలో అది పావు కిలోమీటరుకు మించిన తేడా. ట్రిప్ మీటరును సున్నా చేసి, టైర్ల గాలిని ప్రతిసారీ ఒకే అంకెకు తెచ్చి, మందు లేకుండా మూడు ట్యాంకులు నడపండి. నమూనాకు: 486 కిలోమీటర్లకు 30.2 లీటర్లు, 471కి 30.0, 502కు 30.6. భాగిస్తే వరుసగా 16.1, 15.7, 16.4 వస్తాయి. తరువాత మందు కలిపి నడిపితే 495కు 30.3 లీటర్లు, అంటే 16.3 వచ్చిందనుకుందాము. మొదటి ట్యాంకుతో పోలిస్తే పెరిగినట్లే కనిపిస్తుంది. కాని ఏ మందూ లేకుండానే 16.4 వచ్చింది కదా! మందుతో నడిపిన మూడు ట్యాంకులూ పాత అంకెలన్నిటినీ దాటితేనే, మందు ఏదో చేసిందని అనుమానించడానికి తావు ఉంటుంది.

ఖర్చు లెక్క కూడా వేయాలి. లీటరు 110 రూపాయలు, సీసా 165 రూపాయలు అనుకుంటే, సీసా వెల లీటరున్నర పెట్రోలుకు సమానం. ముప్పై లీటర్లతో 480 కిలోమీటర్లు వెళ్లే బండి, ఇరవై ఎనిమిదిన్నర లీటర్లతోనే అంత దూరం వెళ్లాలి. అంటే మైలేజీ 16 నుండి 16.8 దాటితే గాని పెట్టిన డబ్బు చేతికి రాదు.

అభ్యాసం: ఒక చిన్న నోటుపుస్తకం డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకుని తేదీ, ట్రిప్ దూరం, లీటర్లు, టైర్ల గాలి, ఏసీ ఎంతసేపు వేశారు అన్న అయిదు గళ్లు గీయండి. ఈ నెలలో ఏ మందూ కలపకుండా మూడు ట్యాంకులు నింపి గళ్లు పూర్తి చేయండి. తరువాతి పాఠంలో ఆయిలు తాగుడును డిప్‌స్టిక్‌తో కొలవడం నేర్చుకుంటాము. దానికీ ఇదే పుస్తకం కావాలి.