తాగి పడిపోయిన స్నేహితుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టకండి

హాస్టల్లో మూడో ఏడాది. పరీక్షలైపోయిన రాత్రి మా రూమ్మేట్ పందెం కట్టి గ్లాసు మీద గ్లాసు ఎత్తేశాడు. మాట ముద్దయిపోతుంటే తీసుకెళ్లి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాం. "పడుకుంటే దిగిపోతుందిలే" అని లైటు ఆర్పేశాం. అరగంట తర్వాత చార్జర్ కోసం గదిలోకి వెళ్లాను. చీకట్లో వాడి గొంతులోంచి గరగరమని చప్పుడు. ఫోన్ టార్చ్ వేస్తే నోటి నిండా వాంతి, పెదాలు నీలంగా ఉన్నాయి. పక్కకి తిప్పగానే అంతా బయటికొచ్చి, ఒక్కసారిగా ఊపిరి పీల్చాడు. బతికాడు. నా ఫోన్‌లో చార్జింగ్ ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

తాగడం ఆపేశాడు కదా, ఇక ఎక్కదని మేం అనుకున్నాం. కానీ కడుపులో మిగిలింది ఆ తర్వాత కూడా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. పడుకోబెట్టినప్పటి కంటే అరగంట తర్వాత పరిస్థితి ఘోరంగా ఉండొచ్చు. పైగా కాలేయం గంటకి సుమారు ఒక చిన్న పెగ్గును, అంటే 30 మిల్లీలీటర్ల విస్కీని మాత్రమే అరిగించగలదు. కాఫీ పట్టినా, చన్నీళ్లు పోసినా ఆ వేగం పెరగదు. చన్నీళ్లతో ఒళ్లు మరింత చల్లబడుతుంది. నోట్లో వేలు పెట్టి కక్కించడం అసలే వద్దు, మత్తులో ఉన్న మనిషికి ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పక్కకి తిప్పడం ఇప్పుడే నేర్చుకోండి. మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. మీ వైపున్న చేతిని అడ్డంగా బయటికి చాపండి. అవతలి చేతిని తెచ్చి, అరచేతి వెనక భాగం మీ వైపు చెంపకు ఆనేలా పెట్టి పట్టుకోండి. అవతలి మోకాలు మడిచి, దాన్ని పట్టుకుని మీ వైపు లాగితే మనిషి తేలిగ్గా తిరుగుతాడు. గడ్డం కాస్త పైకెత్తండి, నోరు కిందికి వాలి ఉండాలి. తర్వాత పక్కనే కూర్చోండి.

పిలిచినా గిచ్చినా లేవకపోయినా, నిమిషానికి 8 కంటే తక్కువ ఊపిరులు తీస్తున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటుతున్నా, ఒళ్లు చల్లబడి పెదాలు, గోళ్లు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. వీటిలో ఒక్కటి చాలు, రెండోదాని కోసం చూడకండి. ఊపిరి ఆగిపోతే అదే ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టు సీపీఆర్ (ఛాతీ మధ్యలో బలంగా, వేగంగా నొక్కడం) మొదలుపెట్టండి. వార్డెన్‌కి తెలుస్తుందేమో, ఇంట్లో తెలుస్తుందేమో అన్న టెన్షన్‌తో మేం పది నిమిషాలు వాదించుకున్నాం. ఆ పది నిమిషాలకి నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. డాక్టర్ దగ్గర ఏమీ దాచకండి: ఏం తాగాడు, ఎంత, ఎప్పటినుంచి, నిద్రమాత్రలేమైనా కలిశాయా.

తాగకుండా ఉండటమే అన్నిటికన్నా మేలు. ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో చెప్పింది. తాగేవాళ్లయితే ముందు కడుపు నిండా తినండి, పందేలు కట్టకండి, మీ గ్లాసు మీరే నింపుకోండి. వేరేవాళ్లు పోస్తూ ఉంటే లెక్క తప్పుతుంది. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య నీళ్లు తాగండి. గ్లాసు వదిలి బయటికెళ్తే, తిరిగొచ్చాక అది తాగొద్దు. గుంపులో ఒకరు ఆ రాత్రి ముట్టుకోకుండా ఉండాలి, బండి తాళాలన్నీ వాళ్ల దగ్గరే ఉండాలి.

ఆ తాళాలు తెల్లారగానే అడగకండి. అర్ధరాత్రికి ఎనిమిది పెగ్గులు పూర్తిచేసిన వాడి రక్తంలో పొద్దున ఆరింటికి కూడా మద్యం మిగిలి ఉండొచ్చు. ఆ రోజు క్లాసుకి నడిచే వెళ్లండి.